నెత్తురులో మంత్రముండునా?



వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు, వాడి నేస్తాలు వసారాలో చాప పరచుకొని, ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతున్నారు. తలా ఒక పాత్ర ధరించి మాటలతో కథ నడిపే ఆట అది. “నీకు మంత్రశక్తి ఎక్కడిదిరా?” అని ఒకడడిగాడు. “మా ముత్తాత డ్రాగన్. నా నెత్తురులోనే ఉంది” అన్నాడు మావాడు. అంతటితో ప్రశ్న ముగిసింది. అలా ముగియడమే నా అభ్యంతరం.

1974లో గైగాక్స్, ఆర్నెసన్‌లు ఈ ఆటను వెలువరించిన నాడు మంత్రజ్ఞుడు గ్రంథం ముందు కూర్చొని మంత్రాలు వల్లెవేసేవాడు. 2000లో వచ్చిన మూడవ కూర్పులో ‘సార్సరర్’ అనేవాడు చేరాడు. వీడికి గ్రంథం లేదు, గురువు లేడు, శక్తి పుట్టుకతోనే వచ్చింది. 2009 నాటి ‘పాత్‌ఫైండర్’ అనే ఆట దీనికొక శాస్త్రమే కల్పించి, దివ్య, నారక, డ్రాగన్ మొదలుగా పది రక్తశాఖలను ఏర్పరచింది. మొదటి మెట్టులోనే శాఖను ఎంచుకోవాలి. ఆ పిమ్మట మార్చుకొనే వీలు లేదు. ఈ మాట మనమెక్కడో విన్నట్టు లేదూ?

“ఆటే కదా, పంతులుగారూ! ఎవరికి నచ్చిన వంశం వారే ఎంచుకొంటారు” అనవచ్చు. నిజమే, చాప మీద అందరూ సమానులే. ఆ న్యాయాన్ని కాదనను. కాని ఆ చాప మీద అలవడిన జవాబు లేచి బయటికి నడుస్తుంది. దానికి నేనే సాక్షిని.

ఒక ఏడు తరగతిలో గణవిభజన చెబుతున్నాను. పురోహితులవారి అబ్బాయి పద్యపాదాన్ని తప్పులేకుండా విడదీశాడు. “పులి కడుపున పిల్లి పుడుతుందా!” అని మెచ్చుకొన్నాను. మరునాడు బట్టలుతికే ఇంటి పిల్లవాడు అంతకంటె కఠినమైన పాదాన్ని విడదీశాడు. “ఎవరు చెప్పారురా నీకు?” అన్నాను. వాడు బిత్తరపోయి, “మీరే కదండీ, మాస్టారూ” అన్నాడు. ఒకడి శ్రమను నెత్తురు ఖాతాలో జమకట్టాను. రెండవవాడి శ్రమను దొంగసొత్తుగా శంకించాను. రెండు చోట్లా చెరిగిపోయినది చదువే. నేను చెప్పిన పాఠాన్ని నేనే నమ్మలేదన్నమాట.

భారతంలో కర్ణుడున్నాడు. సూర్యుని రక్తం, సహజ కవచం. 2014 కూర్పులో డ్రాగన్ వంశీయుడికి పొలుసుల చర్మమే కవచమైనట్టు. అయితే కర్ణుణ్ణి మనం తలచుకొనేది ఆ కవచంతో పుట్టినందుకా? ఒంటినుంచి ఒలిచి ఇంద్రుడికి దానమిచ్చినందుకు. పుట్టుకతో వచ్చినదానిలో అతడి గొప్ప ఏమీ లేదు, ఇవ్వడంలో ఉన్నది. ఆ రంగస్థలంలో కులగోత్రాలడిగి అతడి నోరు మూయించినవారు అతడి విలువిద్యను మాత్రం పరీక్షించలేకపోయారు.

కథకు సైతం నెత్తురు దరిద్రపు ముడిసరుకు. గ్రంథమైతే పోగొట్టుకోవచ్చు, దొంగిలించవచ్చు, శత్రువునుంచి నకలు రాసుకోవచ్చు. గురువైతే కోపించవచ్చు. ప్రతి దానినుంచీ ఒక కథ పుడుతుంది. “వంశంలో ఉంది” అనే మాటనుంచి మరొక వంశవృక్షం తప్ప ఏమి పుడుతుంది?

ఆటవారికీ ఈ సంగతి లోలోపల తెలుసు. ఎంతటి డ్రాగన్ మనుమడైనా మూడవ కూర్పులో రెండే రెండు మొదటి స్థాయి మంత్రాలతో బయలుదేరి, అనుభవం గడించి మెట్టుమెట్టుగా ఎక్కవలసిందే. 2024 కూర్పులో ‘డ్రాగన్ రక్తశాఖ’ అన్న పేరు ‘డ్రాగన్ మంత్రవిద్య’గా మారింది. పుట్టిన జాతిని బట్టి ఇచ్చే గుణాంకాలను పాత్ర పెరిగిన నేపథ్యానికి మార్చారు. ఆలస్యమైనా మంచి దిద్దుబాటు.

సాయంత్రం మనుమణ్ణి అడిగాను: “మీ ముత్తాత డ్రాగనే కానీ, మొదటి మంత్రం పలకడం నీకు నేర్పిందెవరు?” వాడు పాచిక చేతిలో పట్టుకొని చాలాసేపు ఆలోచించాడు. ఆ తరువాతి ఆటలో వాడి కథలో ఒక ముసలి గురువు వచ్చి చేరాడు.

విభేదించే మిత్రులు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా వాదించండి. ‘అది వంశంలోనే ఉందండీ’ అని మాత్రం వాదం ముగించకండి.