అందరికీ ఒకటో పాఠమే

"పెనుగొలనులో స్పానిష్ ఎవరితో మాట్లాడతారమ్మాయ్? ముందు ఇంగ్లీషు రానీ" అన్నారు మా అత్తగారు.

చిక్కంతా ఇంగ్లీషు దగ్గరే. కాన్వెంటు పిల్లలు నవ్వుతారని గవర్నమెంటు బడి పిల్లలు నోరే విప్పరు. స్పానిష్ అయితే అందరికీ కొత్తే, నాతో సహా! అందుకే ఈ సెలవుల్లో సాయంత్రాలు మా అరుగు మీద ఆటలా మొదలుపెడుతున్నాను. తొక్కుడుబిళ్ళ గడులు "ఉనో, దోస్, త్రెస్" అంటూ గెంతాలి. పుస్తకం, పరీక్ష ఉండవు.

అదేమంత పరాయి భాషా కాదు. బొప్పాయి వాళ్ళకి పపాయా. పోర్చుగీసు నుంచి మనకొచ్చిన తువ్వాలు స్పానిష్‌లో తొఆయా, మేస్త్రీ మయెస్త్రో. బడి పంతులునీ అలాగే పిలుస్తారు.

భాష వచ్చినా రాకపోయినా, తప్పు మాట్లాడితే ఏమీ కాదని పిల్లలకి తెలిస్తే చాలదూ? ఆ ధైర్యమే రేపు ఇంగ్లీషు క్లాసులోనూ నోరు విప్పిస్తుంది.