పన్నెండు గంటలకు తలుపు తట్టిరి

ఎల్.టి.సి. మీద సిమ్లాకు బయలుదేరిన మేము, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఉదయమే న్యూఢిల్లీ చేరితిమి. కాల్కా వెళ్లు నేతాజీ ఎక్స్‌ప్రెస్ రాత్రికి గాని లేదు. అదియు పాత ఢిల్లీ స్టేషను నుండి. శ్రీమతి పాదములు వాచియున్నవి. పహాడ్‌గంజ్ సందులో చవకగా తోచిన హోటలులో దిగి, స్నానము చేసి నిద్రించితిమి.

సరిగా పన్నెండింటికి కుర్రవాడు తలుపు తట్టి, రెండవ దినపు అద్దె అడిగెను. ఇచట దినమనగా మధ్యాహ్నము నుండి మధ్యాహ్నము వరకట! ఆ నియమము రిజిస్టరు పైననే వ్రాసియున్నది. డ్రాయింగులలో అర మిల్లీమీటరు వెదకు మా కండ్లకు కనబడలేదు. ఎల్.టి.సి.లో హోటలు అద్దె రాదు. అయినను శ్రీమతి పాదములను చూచి చెల్లించితిమి.

తిరుగు ప్రయాణమునకు ఖరారైన టిక్కెట్టు పి.ఎన్.ఆర్. సంఖ్యతో స్టేషనులోని రిటైరింగ్ రూమును పన్నెండు గంటలకు ముందే బుక్ చేసితిమి. "ఈసారి నియమములు నేనే చదివెదనండీ" అనినది శ్రీమతి, కళ్లజోడు తీయుచు.