ఉల్లికిని దేశకాలములు కలవు

అమెరికాలోని మిన్నెసోటాలో స్థిరపడిన మా మేనకోడలు, తన పెరటిలో వేయుటకు కర్నూలు ఉల్లి విత్తనములు పంపుమని నాకు వ్రాసినది. నేను పంపలేదు. ధ్రువపత్రము లేని విత్తనములను ఆ దేశము అనుమతింపదన్నది ఒక కారణము. అంతకన్న ముఖ్యమైనది దేశకాల విచారణ.

ఉల్లిగడ్డ ఊరుట పగటి నిడివిని అనుసరించి జరుగును. మన రకములకు 11, 12 గంటల పగలు చాలును. మిన్నెసోటాలో జూన్ మాసపు పగలు 15 గంటలకు మించును. మన విత్తనము అచ్చట వేసినచో, మొక్క బలపడకమునుపే గడ్డ కట్టి గోలీకాయంతలో ఆగిపోవును. 14 నుండి 16 గంటల పగటిని కోరు రకములే ఆ నేలకు తగినవి. ఫిబ్రవరి చివర ఇంటిలోపల నారు పోసి, ఏప్రిల్ చివర గాని మే మొదట గాని పెరటిలో నాటవలెను. ఆకులు వాలిన పిమ్మట పెరికి, రెండు మూడు వారములు గాలి తగులుచోట ఆరబెట్టినచో గడ్డలు నిలువ యుండును.

ఆ గడ్డలో మన ఉల్లి గుణము ఉండునా అని ఆమె సందేహము. పలాండువు వాతహరము, బలకరము, గురువు. చలిదేశమున వాతబాధ గలవారికి అది మేలే. కఫాధిక్యము గలవారు మితముగా తినవలెను. నివసించు నేలలో పండినది ఆ మనిషికి హితమని గురుకులమున మా గురువుగారు బోధించిరి.

కనుక విదేశములందలి మనవారు ఇచ్చటి విత్తనములకై ఎదురుచూడక, అచ్చటి అంగడిలో దీర్ఘ పగటి రకమును అడిగి కొనుట మంచిది. పులుసు రుచిలో కొంత తేడా రావచ్చును. గుణమునకు మాత్రము లోటుండదని నా అభిప్రాయము.