వెయ్యికి ఎన్ని కట్టలు?

సిరిసిల్లలో పిల్లల చదువు మాటెత్తితే తల్లిదండ్రులు తరచూ అనేది ఒకటే: "మాకే సదువు రాదు సార్, పోరనికి లెక్కలు ఏం చెప్తం?" ఈ మాట నేను ఒప్పుకోను. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలకు నలభై కట్టలని బీడీలు చుట్టే తల్లి కాగితం లేకుండా చెబుతుంది. అది భాగహారమే. మీటరుకు ఇన్ని పైసలని సాంచాల (మరమగ్గాల) కార్మికుడు తన వారం కూలి నోటితోనే కట్టుకుంటాడు. అది గుణకారం. ఇంత లెక్క నడిచే ఇళ్లలో పిల్లలు భాగహారం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలిచే అసర్ 2024 సర్వేలో దేశంలోని పల్లెల ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవారు సుమారు 31 శాతమే. మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైందీ చదువు, లెక్కల పునాది కోసమే. బడి చేయాల్సింది బడి చేయాలి, అందులో మినహాయింపు లేదు.

ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. ముందు ఎక్కాలు నోటికి రావాల్సిందే. కానీ మొదటి నుంచి అప్పజెబితే తప్ప ఏడెనిమిదులు ఎంతో చెప్పలేకపోతే ఆ ఎక్కం ఇంకా రానట్టే. మధ్యలోంచి అడగండి. వెంటనే తిరగేసి, యాభయ్యారులో ఎనిమిదులు ఎన్ని అని అడగండి. మరిచిపోతే ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, దానికి రెట్టింపు అని దారి చూపండి. పది ఎక్కాల్లో వంద లెక్కలు. మూడేడులన్నా ఏడు మూళ్లన్నా ఒకటే కాబట్టి నిజానికి అవి 55. తేలికైన ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు తీసేస్తే మిగిలేవి 21. అంతే!

పిల్లలు ఎక్కువగా తడబడేది శేషం దగ్గర. వంద మీటర్ల తాను, చీరకు ఆరు మీటర్లు అనుకుని నోటితోనే కోయమనండి. పది చీరలకు అరవై పోయింది, నలభై ఉంది. ఇంకో ఆరు చీరలకు ముప్పై ఆరు. మొత్తం 16 చీరలు, నాలుగు మీటర్ల ముక్క. ఇంకో చీరకు చాలని ఆ ముక్కే శేషం. ఇలా కోసి చూసుకున్నాక పలక మీది భాగహారం కొత్తగా అనిపించదు.

బీడీల చాట దగ్గర మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టకండి, ఆ పొగాకు దుమ్ము వాళ్లకొద్దు. పన్నెండు గంటల షిఫ్టు దిగినవారికి ఓపిక ఉండదని తెలుసు. అన్నం తినేటప్పుడు పది నిమిషాలు చాలు. తప్పు చెబితే చెయ్యెత్తకండి, భయపడితే వచ్చిన లెక్క కూడా మరిచిపోతారు. ఈ వారం మీ కూలి లెక్క మీ బిడ్డతోనే కట్టించండి.