ఆ ముఖం చూసి మోసపోకండి!
ఇంటికి రాగానే కొత్త చెప్పు ముక్కలై కనిపిస్తుంది. మీరు అరుస్తారు. కుక్కేమో చెవులు వెనక్కి వాల్చి, తోక ముడుచుకుని, చూపు పక్కకి తిప్పేస్తుంది. ‘తప్పు చేశానని దానికి తెలుసు’ అనుకుంటాం. కానీ అది మీ కోపానికి బెదిరిపోవడమే! 2009లో అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పరీక్షించి చూస్తే, ఏ తప్పూ చేయని కుక్కలు కూడా యజమాని తిట్టేసరికి అదే ముఖం పెట్టాయి. గంట కిందట కొరికిన చెప్పుకీ, ఇప్పటి తిట్లకీ లింకు దానికి అందదు. మీరొస్తే భయపడాలని మాత్రం నేర్చుకుంటుంది. అందుకే చెప్పులు అందకుండా పెట్టేయండి. నమలడానికి బొమ్మ ఇవ్వండి. అది బొమ్మ పట్టిన ఆ క్షణంలోనే ‘శభాష్’ అంటూ చిన్న బిస్కెట్ ముక్క పెట్టండి. ఆ భాష దానికి బాగా అర్థమవుతుంది.