సైకిలు బాటలు: దారిచూపు యంత్రములు

పట్టణవాసులు సెలవుదినములయందు సైకిళ్లనెక్కి, తారురోడ్లను విడిచి, డొంకలను, పుంతలను, అడవిబాటలను పట్టిపోవుట యిటీవల ప్రబలుచున్నది. హైదరాబాదువారు అనంతగిరి కొండలకును, విశాఖపట్టణమువారు అరకు మన్యమునకును, రాజమహేంద్రవరమువారు మారేడుమిల్లి దిక్కునకును పోవుచున్నారు. ఈ వినోదమును మేము మనసార మెచ్చుచున్నాము. దేహమునకు బలమును, దేశమును కన్నులార చూచిన తృప్తియు నింత చౌకగ నొసగు సాధనము వేఱొకటి లేదు. కాని దీని వెంట నొక సందేహమును బయలుదేరినది. బాట తెలియుటకై వేలకొలది రూపాయలు పోసి విదేశములనుండి వచ్చు జి.పి.ఎస్. యంత్రమును కొనవలయునా? చేతిలోని సెల్‌ఫోను చాలునా? నల్లమలలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట బాట రెండుగ చీలినచోట, ఫోనులోని బ్యాటరీ యుడిగి నిలిచినవానికి ఇది వినోదముకొఱకైన ప్రశ్న కాదు, ప్రాణములకు సంబంధించినది.

మొదట నొక భ్రమను తొలగింపవలసియున్నది. సెల్‌ఫోను టవరు లేనిచోట జి.పి.ఎస్. పనిచేయదని చదువుకొన్నవారు సైతము నమ్ముచున్నారు. అది నిజము కాదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న ఉపగ్రహములు నిరంతరము తమ కాలమును, తమ స్థానమును ప్రకటించుచుండును. ఫోనులోని యంత్రము ఆ ప్రకటనలను వినును. తాను వానితో మాటాడదు. నాలుగు ఉపగ్రహముల మాట వినబడినచో తానెక్కడనున్నదో లెక్కకట్టుకొనును. టవరు వలన కలుగు ప్రయోజనము రెండే: మొదటిసారి స్థానము త్వరగ దొరకుటయు, పటము తెరపైకి వచ్చుటయు. అందువలన అడవిలో ఫోను చేయు మోసము సాధారణముగ స్థానమును చెప్పలేకపోవుట కాదు. స్థానమును చూపు నీలపు చుక్క తెల్లని తెరమీద ఒంటరిగ నిలిచియుండుటయే! పటమును ఇంటివద్దనే ఫోనులోనికి దింపుకొననివాడు ఎంత వెలగల ఫోనునైనను మోసికొనిపోవుట వ్యర్థము.

అందఱును వాడు గూగుల్ మ్యాప్స్ ఈ పనికి అంతగ అక్కఱకు రాదు. ముందుగ దింపుకొన్న దాని పటము కారుకు దారిచెప్పును గాని, టవరు లేనిచోట నడకకును సైకిలుకును దారిచెప్పదు. ఓస్మ్‌యాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ అను యాప్‌లు ఇందుకు మేలైనవి. ఇవి రాష్ట్రము రాష్ట్రమును ఫోనులో నిలువచేసి, కాలిబాటను బండిబాటను వేఱుగ చూపి, కొండల యెత్తుగీతలను సైతము కనబఱచును. వీనికి ఆధారము 2004లో ఇంగ్లండున ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటము. ఎవరి యూరిబాటను వారు గీసి చేర్చుటచేత అది పెరిగినది. ఇందుండి పాఠకులు గ్రహింపదగిన విశేష మొకటి కలదు. గార్మిన్ కంపెనీవారు తమ సైకిలు యంత్రములలో నమర్చి యమ్ము పటమునకును ఈ యుమ్మడి పటమే మూలము! యంత్రమునకు వెలపోసినవాడు మెఱుగైన బాటను కొన్నట్లు కాదు. మెఱుగైన తెరను, బ్యాటరీని కొన్నట్లు. ఈ భేదమును దుకాణములలో చెప్పువారు అరుదు.

తెరయు బ్యాటరీయు తక్కువ విషయములని మా యభిప్రాయము కాదు. మే నెల యెండలో హ్యాండిలుకు బిగించిన ఫోను కాగి, తెర మసకబారి, తుదకు తనంతట తానే యారిపోవును. వానలో తడిసిన తెర వ్రేలిమాట వినదు. రాళ్లబాటపై అదురు మఱియొక యపాయము. మోటారుసైకిలు ఇంజనుల తీవ్రమైన యదురువలన ఐఫోను కెమెరాలు చెడవచ్చునని ఆపిల్ కంపెనీవారే 2021 సెప్టెంబరులో హెచ్చరించియున్నారు. కాళ్లతో త్రొక్కు సైకిలుకు ఇంజను లేకున్నను గులకరాళ్ల బాట యున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆపదలో నొకరిని పిలుచుటకు మిగులవలసినదియు ఆ ఫోనే. దారిచూపుటలోనే దాని బ్యాటరీని ఖర్చుచేయుట వివేకము కాదు.

ప్రత్యేక యంత్రములు ఈ లోపములకు చాలవఱకు విరుగుడు. ఎడ్జ్ తరగతికి చెందిన పలు యంత్రముల తెర, ఎండపడినకొలది స్పష్టముగ కనబడునట్టిది. ఎడ్జ్ 840 ఒకసారి చార్జిచేసినచో 26 గంటలు పనిచేయునని తయారీదారుల లెక్క. ఈట్రెక్స్ 22ఎక్స్ అను చిన్న చేతియంత్రము చూపునకు మోటుది, తెర చిన్నది, దానిలో అక్షరములు కూర్చుట విసుగు పుట్టించును. కాని అది గోడగడియారములలో వేయు పెన్సిలు సెల్లులు రెంటితో 25 గంటలు నడచును. ఆ సెల్లులు పాడేరు సంతలో దొరకును, శ్రీశైలము అంగడిలోను దొరకును. కరెంటులేని గూడెమున రాత్రి గడపువానికి ఇదియే గొప్ప గుణము. సొగసైన యంత్రముల మోజులో దీనిని చిన్నచూపు చూచుట తగదు.

కాబట్టి ఉదయము పోయి సాయంకాలమునకు ఇల్లుచేరువారు, గ్రామములను తాకుచు పోవువారు, క్రొత్త యంత్రమును కొననక్కఱలేదు. ఫోనును విమానపు మోడ్‌లోనుంచి, హ్యాండిలుకు కట్టక సంచిలోనుంచి, బాట చీలినచోట మాత్రము తీసి చూచుకొని, చిన్న పవర్‌బ్యాంకు నొకదానిని తోడు తీసికొన్నచో చాలును. విమానపు మోడ్‌లో ఉపగ్రహముల మాట వినబడుట మానదు. రెండుమూడు దినములు మన్యమున తిరుగువారు ప్రత్యేక యంత్రమును కొనుట న్యాయమే. అప్పుడును ఫోనులో పటముండవలెను. తోటివారి హ్యాండిలుపై నున్నదని కొనువారికి మేము చెప్పగలిగినది లేదు.

ఏ యాప్‌ను వాడినను దారిని జి.పి.ఎక్స్. అను దస్త్రముగ తమవద్ద దాచుకొనుట మంచిది. అది సాదా యక్షరముల దస్త్రము. ఏ యంత్రమైనను చదువగలదు. సైకిలువారికి ప్రియమైన కోమూట్ అను జర్మను యాప్‌ను 2025 మార్చిలో ఇటలీ కంపెనీ యొకటి కొని, పనివారిలో పెక్కుమందిని తొలగించినది. పరుల గాదెలో దాచిన ధాన్యమువంటిది కంపెనీల చేతిలోనున్న దారి.

యంత్రము చెప్పునదెల్ల వేదవాక్యమని నమ్మరాదు. దట్టమైన చెట్లక్రిందను, పాపికొండల గండివంటి చోట్లను ఉపగ్రహపు మాట రాళ్లకు తగిలి మరలి వినబడుటచేత చుక్క పదులకొలది మీటర్లు ప్రక్కకు పోవుట కద్దు. మైదానమున నది లెక్కలోనిది కాదు. వాగున కీవల నున్నామో యావల నున్నామో తెలియవలసినచోట లెక్కలోనిదే. రెండు పౌనఃపున్యములను వినగల యంత్రములు ఈ దోషమును కొంత తగ్గించును గాని పోగొట్టవు. యాప్‌లలోని కొండల యెత్తులకు చాలవఱకు మూలము 2000 ఫిబ్రవరిలో అమెరికావారి యంతరిక్షనౌక చేసిన కొలత. అది చెట్ల కొనలను నేలగ నెంచినచోట్లును కలవు.

పటమున బాట కనబడుట వేఱు, పోవుటకు హక్కుండుట వేఱు. నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల యభయారణ్యమునను, అమ్రాబాదు నందును పటములోని బాటలలో పెక్కింటిపై అటవీశాఖ యనుమతి లేక అడుగిడరాదు. మఱియొక హెచ్చరికయు ఆవశ్యకము. వినుటయేకాక ఉపగ్రహమునకు సందేశములు పంపు ఇన్‌రీచ్ వంటి యంత్రములను మన దేశమున ప్రభుత్వానుమతి లేక ఉంచుకొనరాదు. 2024లో గోవా విమానాశ్రయమున విదేశీయు లొకరు ఈ కారణముననే నిర్బంధింపబడిరి. విదేశములనుండి వచ్చు బంధువులచేత తెప్పించుకొన దలచువారు ఈ సంగతి నెఱిగి యుండవలెను.

ఇక దేశమునకు సంబంధించిన మాట. జి.పి.ఎస్. అమెరికా సైన్యశాఖవారి సొత్తు. 2000 మే 2వ తేదీవఱకు వారు ప్రజలకందు సంకేతమున బుద్ధిపూర్వకముగ దోషమును కలిపి నూఱు మీటర్ల మేర తప్పిదముండునట్లు చేసిరి. ఇచ్చిన చేతికి తీసికొను శక్తియు నుండును. రష్యా, ఐరోపా, చైనాలు తమ తమ వ్యూహములను నిర్మించుకొన్నవి. మన నావిక్ 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండియే ఆరంభమై, 2016 ఏప్రిల్ 28న ఏడవ యుపగ్రహముతో రూపుదాల్చినది. పిమ్మట చరిత్ర సంతోషకరము కాదు. విదేశములనుండి కొన్న యణుగడియారములు చెడినవి. 2017లో నొక యుపగ్రహము కవచమునుండి వెలికే రాలేదు. 2025 జనవరి 29న పోయినది నిర్ణీతకక్ష్యను చేరలేదు. తొలితరము ఉపగ్రహములు సామాన్య యంత్రములు వినెడు ఎల్1 పౌనఃపున్యమున మాటాడనందున చిన్న సైకిలు యంత్రములు వానిని గుర్తింపనేలేదు. 2023 మే 29న పోయిన ఎన్.వి.ఎస్.-01 స్వదేశమున చేసిన యణుగడియారమును, ఎల్1ను మోసికొనిపోయినది. ఇది సరియైన దారి. ఐఫోను 15 ప్రో మొదలు పలు ఫోనులలో నావిక్ వినెడు చెవి యున్నది. పలుకు నోళ్లను పెంచుట మన శాస్త్రజ్ఞుల బాధ్యత, వారికి ధనము నొసగుట పార్లమెంటు బాధ్యత. నావిక్ పేరు చెప్పి ఫోనుల నమ్ముట మాత్రము నేటి స్థితిలో ఆడంబరమే.

ఆకసమునకంటె నేలమీద చేయదగిన పని మఱింత సులభము. మద్రాసువద్ద 1802లో ల్యాంబ్టన్ గొలుసు పఱచి కొలత నారంభించిన నాటినుండి ఈ దేశమును కొలిచినది సర్వేశాఖ. ఆ పటములు చిరకాలము దేశప్రజలకే యందరానివై యుండెను. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పటములపైని నిర్బంధములను సడలించినది. అయినను 1:50,000 పటమున గ్రామములోని పుంత కనబడుట సందేహము. అది కనబడునది రెవిన్యూ గ్రామపటముననే. కోస్తాలో పుంత పోరంబోకనియు, తెలంగాణమున నక్షబాట యనియు వ్యవహరింపబడు ఈ బాటలు సర్కారువారి లెక్కలో సర్వజనులవి. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట వానిలో ననేకము ఇరుప్రక్కల పొలములలో కలిసిపోయినవి. భూస్వాములైన మా పాఠకులు దీని నెఱుగుదురు. గట్టు సాలుకొక జానెడు జరుగుట యెవరికి తెలియదు?

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో నారంభమైన భూముల రీసర్వే ఈ యుపగ్రహముల సహాయముననే, సెంటీమీటర్ల లెక్కను గట్లను గుర్తించుచున్నది. గట్లను కొలిచినవారు పుంతలను వేఱుచేసి చూపుట భారము కానేరదు. ఆ బాటల గీతలను మాత్రము, పట్టాదారుల పేర్లు లేకుండ, జి.పి.ఎక్స్. దస్త్రములుగ జిల్లాజిల్లాకు ప్రకటింపుడని యుభయ తెలుగు ప్రభుత్వములను మేము కోరుచున్నాము. రైతుకు పొలము చేరు దారియు, సైకిలువానికి ఊరు చేరు దారియు నొక్కటే. ఆక్రమణ జరిగినచో ఫోను పట్టుకొని నిలిచిన యే బాలుడైనను దానిని గుర్తింపగలడు. అన్ని జిల్లాలకును ఒక్కసారి సాధ్యము కానిచో, రీసర్వే ముగిసిన మండలములలో నొకదానితో వచ్చు వేసవిలోగా నారంభింపవచ్చును.