బాల్కనీ మనది, డిష్ మనది... మరి భయం ఎందుకు?



2009 సెప్టెంబర్ 2న వైఎస్ రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ కనబడటం లేదని టీవీల్లో వచ్చేటప్పటికి ఇక్కడ నేపర్‌విల్‌లో అర్ధరాత్రి. మా బిల్డింగ్ మొత్తంలో తెలుగు ఛానళ్ళు వచ్చే ఇల్లు మాదొక్కటే. ఆయనంటే ప్రాణమిచ్చేవాళ్ళు, అస్సలు పడనివాళ్ళు, అందరూ తెల్లవార్లూ మా హాల్లో కార్పెట్ మీదే కూర్చున్నారు. మా అమ్మ మూడుసార్లు టీ పెట్టింది.

ఆ తర్వాత ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు డిష్ పెట్టించుకున్నారు. దాంతో మేనేజ్‌మెంట్ కంట్లో పడ్డాం. నలుగురి తలుపులకీ నోటీసులు: పది రోజుల్లో తీసెయ్యాలి, లేకపోతే రోజుకింత ఫైన్!

ఆ ముగ్గురూ అదే వారాంతం డిష్‌లు విప్పేశారు. "ఎందుకొచ్చిన గొడవ అన్నా, వీసా మీద ఉన్నాం" అన్నారు. నాకు మేనేజ్‌మెంట్ మీద కన్నా వీళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది. రాజ్యాంగం, ఆర్టికల్ 3, హక్కులు అంటూ రాత్రంతా వాదించే మనం, అద్దె కట్టే ఇంట్లో ఒక్క కాగితం ముక్కకి వణికిపోతాం. డిష్‌కీ వీసాకీ ఏం సంబంధమో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నేను లాయర్ని కాను. కానీ చదవడం వచ్చు కదా. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం 207వ సెక్షన్ కింద ఎఫ్‌సీసీ ఒక రూల్ చేసింది. మొదట్లో అది సొంత ఇంటివాళ్ళకే. 1999 జనవరి 22 నుంచి అద్దెకున్నవాళ్ళకీ వర్తించింది. మీరొక్కరే వాడుకునే బాల్కనీలోనో పాటియోలోనో ఒక మీటరుకి మించని డిష్ పెట్టుకోవచ్చు. భద్రతకి సంబంధించిన కారణమో, చారిత్రక కట్టడమో అయితే తప్ప ముందుగా అనుమతి అడగాలనడం మామూలుగా చెల్లదు. లీజులో "డిష్‌లు నిషేధం" అని రాసుకున్నా సరే!

వాళ్ళ వైపు న్యాయం అసలు లేదని కాదు. కప్పు, బయటి గోడ మనవి కావు. రెయిలింగ్ దాటి బయటికి వేలాడితే రూల్ మనల్ని కాపాడదు. ఆ ముగ్గురిలో ఒకాయన గోడకి డ్రిల్ వేయించాడు, అది తప్పే. నాది మాత్రం సిమెంటు పోసిన బకెట్‌లో నిలబెట్టిన డిష్. కేబుల్ తలుపు సందులోంచి వచ్చే పల్చటి రకం. ఇక ఉత్తరం వైపు బాల్కనీ ఉన్నవాళ్ళకి ఏ చట్టమూ సిగ్నల్ తేలేదు, శాటిలైట్లు ఉండేది దక్షిణాన.

రూల్ నంబరు వేసి ఒక పేజీ ఉత్తరం రాశాను. మేనేజర్ వచ్చి బకెట్ చూసింది, గాలికి పడకుండా కట్టమంది. కట్టాను. ఫైన్ మాట మళ్ళీ రాలేదు.

"ఇప్పుడంతా ఇంటర్నెట్‌లో వస్తోంది, డిష్ ఎవరికి కావాలి?" అంటారు. బాబూ, ఇంటర్నెట్‌ని గాల్లోంచి అందుకునే యాంటెన్నాలకీ 2001లో ఇదే రూల్ వర్తింపజేశారు. రేపు మీ బాల్కనీలో అది పెట్టినా ఇలాంటి నోటీసే వస్తుంది.

వస్తే ముందు స్క్రూడ్రైవర్ తీయకండి, జవాబు రాయండి. వినకపోతే ఎఫ్‌సీసీకి పిటిషన్ వేయండి. ఆంక్ష సబబని రుజువు చేయాల్సింది వాళ్ళే, మీరు కాదు. అది తేలేదాకా, భద్రత, చారిత్రక కట్టడాల సంగతి మినహాయిస్తే, ఫైన్ వసూలు చేయకూడదు. ఓడిపోయినా తీసెయ్యడానికి కనీసం 21 రోజులు గడువిస్తారు.